పొరలోంచి కొండ

కొండవీడు కొండలను నలుపు తెలుపుల్లో ఫొటోలు తీయాలని శ్రీకాకుళం నుంచి వెళ్లాను. ఆ ఉదయం మంచు ఎంతకీ విడలేదు. మిరప కల్లం పక్కన నిలబడి, గాల్లో తేలుతున్నట్టున్న కొండను తీస్తున్నాను. ఎండుమిర్చిలోంచి రంగు వెలిసిన తాలుకాయలు ఏరుతున్న ఒక ముసలమ్మ లేచి వచ్చి, కెమెరా తెర మీది బొమ్మలోకి తొంగిచూసింది.

"కంట్లో పొరకి ఆపరేషన్ కాకముందు నాకు కొండ అచ్చం ఇట్టాగే కనపడేది బాబూ," అంది. వెంటనే కోడలిని కేకేసింది. "సుజాతా, ఇటొచ్చి చూడు! ఎర్రకాయల్లో తాలుకాయలు కలిపేస్తున్నానని అరిచేదానివే, అప్పుడు నాకు అన్నీ ఇట్టాగే ఉండేయి."

కోడలు చాలాసేపు చూసింది.

"మరి అప్పుడే చెప్పలేదేం అత్తా?"

"చెబితే కూలికి రావద్దంటారని."

కోడలు అత్త భుజం మీంచి జారిన కొంగు సర్దింది. ఆ మసక కోసమే నేను ఏళ్ల తరబడి కొండలు పట్టుకు తిరుగుతున్నాను.

ముసలమ్మ ఇంకా తెరనే చూస్తోంది.

"బాగుందయ్యా," అంది నెమ్మదిగా. "కళ్లు పోతన్నాయన్న భయంలో, కొండ ఇంత బాగుందని అప్పుడు చూసుకోలా."