తిరగలి చుట్టూ గచ్ఛతి

ఆ రోజుల్లో, ఆలూరు పక్క మా పల్లెలో ఆడపిల్లలకు బడి లేని కాలంలో, నాకు చదువూ తిరగలీ ఒకే మూల దొరికాయి. దేవుడి దయ, రెండూ నన్ను వదల్లేదు (భుజాల నొప్పీ వదల్లేదు). తల్లి లేని ఇల్లు. పురాణం చెప్పే మా నాయన మంచం మీద వాలి సంస్కృతం చెప్పేవాడు, నేను జొన్నలు విసురుతూ అప్పజెప్పేదాన్ని, చుట్టుకొక క్రియారూపం చొప్పున. ఒక ఏడు ఉగాదికి ముందు, శ్రీశైలానికి నడిచిపోయే కన్నడ భక్తుల వెంట నాయన తల్లి, మా అవ్వ, బయలుదేరుతుంటే నేనూ పోతానని ఏడ్చాను.

"పోవడమనే క్రియ అన్ని కాలాల్లో తప్పులేకుండా చెప్పు, పంపిస్తా. నేను చాలు అనేదాకా ఆపగూడదు" అన్నాడు నాయన.

గచ్ఛతి, గచ్ఛతః, గచ్ఛంతి... "నాయనా, దీనికి మూలం గమ్ అంటివే, అది యాడికి పోయె?"

"యాడికీ పోలేదమ్మా, లోపలే ఉండాది. గమిష్యతి అనేకాడ మళ్లీ కనపడతాది. నువ్వు విసురు."

విసిరాను. ఆఖరి రూపం గమిష్యామః దాకా వచ్చినా చాలు అనలేదు గనక మళ్లీ మొదలుపెట్టాను. చేతులు మొద్దుబారాయి, కళ్లు మూతలు పడుతున్నాయి, మూలనున్న జొన్నల బాన అడుగంటింది. నాయన కళ్లు మూసుకుని శ్రద్ధగా వింటున్నాడనుకున్నాను (తిరగలి మోతలో గురక వినబడదు). గుడి నుంచి వచ్చిన అవ్వ గడపలోనే కూలబడింది.

"ఓయమ్మ! ఉండేవన్నీ పిండి చేసినావా! ఈ ఎండకు నాలుగు దినాల్లో చేదెక్కుతాది గదే! ఒరే, బిడ్డ చేతులు చూడురా!"

నాయన ఉలిక్కిపడి లేచి, "చాలు" అన్నాడు.

ఇంత పిండి పారేయలేక, దారిన వచ్చే భక్తులందరికీ రొట్టెలు పెడదామంది అవ్వ. మరునాడు మొదటి గుంపు తిని లేచింది, వెనక ఇంకో గుంపు వస్తోంది. "నువ్వు గెలిచినావు తల్లీ, అవ్వతో పో, నేను తడతా" అని నాయన పొయ్యి ముందు కూర్చున్నాడు. ఆయన తట్టిన రొట్టె పెనం చేరకముందే మూడు ముక్కలైంది. భక్తుల్లో ఒక ముసలాయన మాడిన ముక్క నములుతూ, "శానా బాగుండాదప్పా" అన్నాడు, కళ్లనీళ్లతో. నేను పయనానికి కట్టుకున్న మూట దించి పొయ్యి దగ్గర కూర్చున్నాను. నా రొట్టెలు మాత్రం అవ్వ మూటలో శ్రీశైలం చేరాయి.

నేను చేరింది ఎన్నో ఏళ్లకు, బస్సులో, మోకాళ్లు పట్టుకుని. మల్లన్న ఎదుట ఒక్క స్తోత్రమూ నోటికి రాలేదు. గచ్ఛతి, గచ్ఛతః అని మొదలుపెట్టాను. చాలు అనడానికి నాయన లేడు గదా, పూజారి "జరుగమ్మా" అనేదాకా ఆపలేదు.