నూలుండలో అర అష్రఫీ

బంగారాన్ని చూస్తే అందరికీ ఆశ పుడుతుందంటారు. నాకు మాత్రం నవ్వొస్తుంది. మొన్న మా మనవరాలు షాపులో కొన్న బంగారు బిళ్ళను అట్టపెట్టెతో సహా నా చేతిలో పెట్టి, "ఎట్లున్నది అవ్వా?" అనడిగితే ఒకటే నవ్వాను. పిల్ల చిన్నబుచ్చుకుంది. నేను నవ్వింది దాని బిళ్ళను చూసి కాదు. నూలి పున్నమి నాడు గుళ్ళో నేను చేసిన ఘనకార్యం గుర్తొచ్చింది.

మాది రామన్నపేట దిక్కు ఒక నేతవాడ. నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు, నిజాం కాలపు హాలీ రూపాయలు ఇక చెల్లవనే మాట వాడలోకి వచ్చింది. మగవాళ్ళందరూ కంగారుపడి దాచుకున్నవన్నీ తీసి కొత్త రూపాయలకు మార్చుకొచ్చారు. మా అత్త ఒక్కతే కదల్లేదు.

"చెల్లకుంటే ఏమాయె? ఎండి ఎండే గదా, మన్నైతదా?" అంది.

పాత హాలీ రూపాయిలో వెండి ఎక్కువ, తర్వాత వచ్చినవాటిలో తక్కువ. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. రోటి అంచు మీద వేసి చెవితో తెలుసుకుంది. పాతది ఖంగుమంటుంది, కొత్తది టక్కుమని ఊరుకుంటుంది. ఖంగుమన్నవి దాచేది, టక్కుమన్నవి ఉప్పుకూ చింతపండుకూ ఇచ్చేది. నెల తిరగకముందే నాకూ ఆ చెవి వచ్చేసింది. నా ఒడిబియ్యంలో పుట్టింటివాళ్ళు వేసిన రూపాయలు, కండెలు చుట్టిన కూలి, ఆమె ఎన్నాళ్ళనుంచో కూడబెట్టింది, అంతా కలిపి ఒకరోజు ఇద్దరం రామన్నపేటలో బంగారం పనిచేసే అవుసులాయన దగ్గరికి వెళ్ళి అర అష్రఫీ తెచ్చుకున్నాం.

అర అష్రఫీ అంటే నిజాం కాలపు బంగారు నాణెం, పెద్దదేం కాదు, బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దది. కానీ ఆ రోజు ఇంటికొచ్చే దారి పొడుగూతా అది నా గుప్పిట్లోంచి ఆమె గుప్పిట్లోకీ, ఆమె గుప్పిట్లోంచి నా గుప్పిట్లోకీ మారుతూనే ఉంది. ఇద్దరం నవ్వు ఆపుకోలేక చచ్చాం. ఎదురొచ్చిన బండివాడు మాకు గాలి సోకిందనుకుని బండిని పక్కకు తిప్పుకున్నాడు.

ఆ బిళ్ళ నగ చేయించుకోవడానికి కాదు. నగైతే చెల్లెలి పెళ్ళికనీ మరదలి సీమంతానికనీ నలుగురి మెడల్లో తిరుగుతుంది. బిళ్ళను ఎవరూ అడగరు, ఉందని తెలిస్తే కదా. అది నా మగ్గం. మా ఇంట్లో ఆడవాళ్ళు కండెలు చుట్టాలి, గంజి పెట్టాలి, పడుగు సాగదీయాలి, కానీ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టకూడదు. నాకేమో మగ్గం చప్పుడు వింటే కాళ్ళు ఊరుకునేవి కావు. ఒకసారి మా ఆయన్ని అడిగితే, "నువ్వు మగ్గమెక్కితే నేను రోలు కాడ కూసోవాల్నా?" అని నవ్వేశాడు. మా అత్త నవ్వలేదు. ఆమె పుట్టిల్లు కోస్గి. అక్కడ వాళ్ళమ్మ మగ్గం మీద కూర్చుని చీరలు నేసేదట. "నీకో మగ్గం పెట్టిస్త పిల్లా, ఆగు" అంది. ఆ మాటకు కొండంత అండ ఈ గోరంత బిళ్ళ.

దాచే పద్ధతి కూడా మా అత్తదే. ఆ రోజుల్లో నూలు దొరకడం కష్టంగా ఉండేది కాబట్టి ప్రతి నేత ఇంట్లోనూ మిగులు నూలు ఉండలు చుట్టి బుట్టలో పెట్టుకునేవాళ్ళం. బిళ్ళను గుడ్డపీలికలో చుట్టి, దాని మీద మంచి నూలు చుట్టి ఉండ చేసి, గుర్తుగా కొసకు ఎర్రదారం ముడి వేశాం. బుట్టలో మొత్తం ఆరు ఉండలు. ఎర్రముడి ఉన్నది ఒక్కటే. పొద్దున లేవగానే దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూసుకుంటే తప్ప నాకు ముఖం కడుక్కోబుద్ధయ్యేది కాదు.

శ్రావణంలో నూలి పున్నమి వచ్చింది. ఆ రోజు మా నేతవాళ్ళ గుళ్ళో వాడంతా కలిసి తెల్లారి మొదలుపెట్టి పొద్దుగూకేలోపు దేవుడికి బట్ట నేస్తారు. పడుగు కులపెద్ద ఇస్తాడు, అడ్డం నేసే పేక నూలు ఇంటింటి నుంచీ పోవాలి. దేవుడికని ఒకసారి ఇంట్లోంచి పోయిన నూలును తిరిగి అడగకూడదు, అది పెద్ద తప్పు. మా అత్త తమ్ముడికి రాఖీ కట్టడానికి ముందురోజే కోస్గి వెళ్ళింది. నేను తెల్లవారుజామున బావికి వెళ్ళి నీళ్ళు తెచ్చేసరికి మా ఆయన అరుగు మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు.

"నూలుకొచ్చిండ్రు. అందరు ఒక్కొక్కటి ఇచ్చిండ్రంట. నేను ఆరిచ్చిన!" అన్నాడు.

నెత్తి మీద బిందె అట్లాగే ఉంది. "ఆరా?"

"బుట్ట బుట్ట ఎత్తిచ్చిన. మనమేమన్న తక్కువనా?"

నీళ్ళు ఎక్కడ దింపానో నాకు తెలియదు. గుడి దాకా పరుగెత్తాను. అక్కడ మండపంలో, చాప మీద, వాడలోని నూలుండలన్నీ ఒక కుప్ప. నలభైకి తక్కువ లేవు. అడగకూడదు, వెతకకూడదు, ఆ ఉండలు విప్పి నూలును కండెలకు చుట్టే పని పట్టడం ఒక్కటే దారి. "పెద్దయ్యా, కండెలన్ని నేనే చుడ్త!" అన్నాను రొప్పుతూ.

కులపెద్ద కళ్ళు చెమర్చాయి. "గీ కాలంల గింత భక్తి యాడున్నది బిడ్డా!" అన్నాడు.

నాకు సిగ్గేసింది, కానీ చేతులు అప్పటికే కుప్పలో ఉన్నాయి. ఎర్రముడి కనపడగానే ఉండను లాక్కున్నాను. దాని కింద ఇంకో ఎర్రముడి. పక్కన ఇంకొకటి. సగం ఉండలకు ఎర్రముళ్ళే! ఈ ఉపాయం భూమ్మీద మా ఇద్దరికే తోచిందని ఇన్నాళ్ళూ మురిసిపోయానే అనుకుంటూ బిత్తరపోయి నిలబడ్డాను. అప్పుడే మా పక్కింటి వదిన రొప్పుకుంటూ వచ్చింది. జుట్టు ముడి కూడా వేసుకోలేదు.

"నేను గూడ చుడ్త," అంది, నా ముఖం చూడకుండా.

ఆమె వెనక ఇంకొకతి. ఆ వెనక ఇద్దరు. ఎండ గుడిమెట్లు ఎక్కేసరికి వాడలోని ఆడవాళ్ళంతా మండపంలో ఉన్నారు, ఎవరి రాట్నం వాళ్ళు చంకన పెట్టుకుని. కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. "గది నాకియ్యి," "నేను ముందు పట్టుకున్న," "గా ఉండ నా చేతికి అలువాటు." దేవుడి నూలు చుట్టడానికి అంత పోటీ నేనెప్పుడూ చూడలేదు. కులపెద్ద ఆనందం పట్టలేక కొబ్బరికాయ కొట్టాడు.

నేను గుళ్ళో ఉన్న రాట్నం అందుకున్నాను. రాట్నాలు తిరిగాయి. ఉండలు చిన్నవవుతున్నాయి. ఇంతలో ఎవరి ఒళ్ళోంచో ఒక రూపాయి జారి బండ మీద ఖంగుమంది. పాతదే, నా చెవికి తెలుసు. అందరి చేతులూ ఆగిపోయాయి. వదిన పెద్దగా దగ్గింది. ఇంకో రూపాయి ఖంగుమంది. ఈసారి మూలన ఉన్నామె గొంతెత్తి బతుకమ్మ పాట అందుకుంది. మేమంతా ప్రాణాలు పోయేట్టు వంతపాడాం. కులపెద్ద గుమ్మంలోంచి తొంగిచూసి, "బతుకమ్మకు ఇంక నెలన్నర ఉన్నది గదనే?" అన్నాడు. ఎవరూ పాట ఆపలేదు. ఆపితే రూపాయలు వినపడతాయి. నవ్వుకు నా కడుపు నొప్పి పుట్టింది, కళ్ళనిండా నీళ్ళు, రాట్నం తిప్పడానికి చేయి ఆడదు. ఎవరి ఉండలోది వాళ్ళ చేతికి చేరేదాకా, చాప కిందుగా, చీరకొంగుల చాటుగా రూపాయలు చేతులు మారాయి. ఎవరి ముఖం చూసినా పాట మధ్యలో నవ్వు బిగబట్టుకుని ఉంది.

నేను నాలుగు ఎర్రముళ్ళు విప్పాక మాది దొరికింది. ముడి నేనే వేసింది కదా, తెలిసిపోయింది. చివరి చుట్టు విప్పి, పీలిక తీశాను.

రాగి.

నలిగిపోయిన పాత రాగి పైసా. తిప్పి చూశాను, తుడిచి చూశాను, పంటితో కొరికి చూశాను. రాగే. భక్తి లేకుండా భక్తి నటించినందుకు దేవుడు అక్కడికక్కడే బంగారాన్ని రాగి చేశాడని నాకు నమ్మకం కుదిరిపోయింది. నవ్వు నవ్వుగానే ఏడుపయింది. "నా మగ్గం పాయె! అర అష్రఫీ పెట్టిన, రాగి అయింది, నా మగ్గం పాయె!" అని పైకే అనేశాను.

పాట ఆగిపోయింది. బయటినుంచి కులపెద్ద, "ఏమైందే?" అన్నాడు.

"నూలు తెగిందట పెద్దయ్యా!" అంది వదిన.

ఆమె నా తల తన ఒళ్ళోకి లాక్కుంది. చుట్టూ ఉన్నవాళ్ళు మళ్ళీ రాట్నాలు తిప్పారు. ఆ సాయంత్రం బట్ట పూర్తయింది. ఎంత బాగుందని అందరూ అన్నా నేను తలెత్తి చూడలేదు. మా ఆయన, "గింత ఏడుపు దేనికే? నూలు మల్ల తెస్త," అన్నాడు. ఆయనకు ఏమని చెప్పను?

మర్నాడు మధ్యాహ్నం నేను రోడ్డు మీద ఎదురుచూస్తుంటే మా అత్త బస్సు దిగింది. బస్సు పైనుంచి ఇద్దరు మనుషులు ఏవో నల్లటి కర్రలు, అచ్చు, పలక దింపారు. నాకు అవేవీ కనపడలేదు. ఆమె కాళ్ళమీద పడి ఎర్రముడి ఉండ సంగతి చెప్పాను. ఆమె వింటూ వింటూ బస్సు రోడ్డు మీదే కూలబడి నవ్వింది. నవ్వుతూనే కొప్పు విప్పింది. కొప్పులోంచి చిన్న గుడ్డముడి నా ఒళ్ళో పడింది. విప్పితే పచ్చగా, నున్నగా, నా అర అష్రఫీ!

"మా తమ్ముడు మా అమ్మ మగ్గానికి పైసలడుగుతడేమోనని పట్కపోయిన. నువ్వు పొద్దున్నే బరువు చూస్తవు గదా, ఉండ తేలికైతే గుండె పగుల్తదని రాగి పైస పెట్టిన. చెప్తే ఆశపడ్తవు, గాడు ఇయ్యకుంటే ఏడుస్తవు. గందుకే చెప్పలే. రాఖీ కట్టి అడిగిన. ఒక్క మాట అనకుండ ఇచ్చిండు. బిళ్ళను ముట్టలే."

అప్పుడు చూశాను ఆ నల్లటి కర్రలను. అవి ఒక మగ్గం. రోడ్డు మీదే నేను గంతులేశానని ఆమె తర్వాత అందరికీ చెప్పేది. వేసే ఉంటాను.

ఇంటికి రాగానే ఆమె బుట్ట చూసింది. "మిగిలిన అయిదు ఉండలేవి?"

"ఆరూ ఇచ్చిండు గదత్తా."

ఆమె ముఖంలో నవ్వు ఎగిరిపోయింది. "గా ఉండలల్ల ఒక్కొక్క రూపాయి పెట్టిన పిల్లా. పాతయి. మంచియి," అంది మెల్లగా. నాకు కూడా చెప్పకుండా! కోప్పడదామనుకున్నాను, కానీ ఆమె పోయిన రూపాయలకోసం నోరు తెరిచి అడగలేక కూర్చున్న తీరు చూస్తే జాలేసింది.

పొద్దువాలకముందే వదిన వచ్చింది, పిడికెడు ఉప్పు కావాలని. ఉప్పు తీసుకుని వెళ్ళాక చూస్తే, ఆమె కూర్చున్న చాప కింద వెండి రూపాయి. తర్వాత ఇంకొకామె నిప్పుకని, ఇంకొకామె జల్లెడకని. మర్నాటికల్లా చాప కింద, ఉట్టి మీద, చేటలో, చెప్పుల పక్కన, ఎక్కడ చూసినా రూపాయే. ఏరి తెస్తే తొమ్మిది! మా అత్త అయిదు పెడితే తొమ్మిదెట్లా వచ్చాయి?

ఆమె ఒక్కొక్కటీ రోటి అంచు మీద మోగించింది. తనవి అయిదూ చప్పుడును బట్టి గుర్తుపట్టి పక్కకు పెట్టింది. మిగతా నాలుగు మావి కావు. ఎవరో నలుగురు, నా మగ్గం పోయిందని నేనేడ్చిన ఏడుపు విని, తమ ఉండల్లోంచి తీసుకున్న రూపాయలను మా ఇంట్లో వదిలి వెళ్ళారు. మగడికి తెలియకుండా ఒక్క రూపాయి దాచడానికి ఆ వాడలో ఎన్నాళ్ళు పడుతుందో నాకు తెలుసు.

మా అత్త వాటిని పట్టుకుని గడపగడపకూ తిరిగింది. "గిది నీదేనా?" అంటే, "నాది గాదు," అనేవాళ్ళు. "నాకాడ రూపాయెక్కడిది అక్కా?" అనేవాళ్ళు. ఒక్కరూ ఒప్పుకోలేదు, అందరూ నవ్వారు. ఆ నలుగురెవరో నాకు ఈనాటికీ తెలియదు. అందుకే ఆ వాడలో ఎవరి మీదా నేను కోపం నిలుపుకోలేకపోయాను. ఎవరితో తగవు పడబోయినా, ఆ నలుగురిలో ఒకతేమోనని నోరు మూసుకునేదాన్ని.

మగ్గం చూసి మా ఆయన, "గిదెవరికి?" అన్నాడు. "నాది, మా అమ్మది. నీ పెండ్లాం నేస్తది, నేను కూసోని చూస్త. గుంట నువ్వు తవ్వు," అంది మా అత్త. కన్నతల్లికి ఎదురు చెప్పలేక తవ్వాడు. నాలుగు గుంజలు పాతేటప్పుడు ఎవరూ తమదని ఒప్పుకోని ఆ నాలుగు రూపాయలనూ గుంజకొకటి చొప్పున కింద పెట్టాను. ఆ మగ్గం మీద నేసిన చీరల డబ్బుతో తర్వాత అర అష్రఫీకి ఇంకో అర అష్రఫీ జతపడింది. కష్టమొచ్చినప్పుడు ఆ రెండూ అమ్మాం, మళ్ళీ కొన్నాం, మళ్ళీ అమ్మాం. వెండి ధర పెరిగిందని విన్నప్పుడల్లా మా ఆయన గుంజల మొదళ్ళ వైపు ఒకసారి చూసేవాడు. "అవి మనయి గావు," అని నేను మగ్గం తొక్కేదాన్ని.