పడమటి వాకిలికి నీలం రంగు

ఇంటి జాగా పంచుకునేటప్పుడు తూర్పు వాకిలి నాకే ఇస్తానని మా అన్న మాటిచ్చాడు. తీరా పెద్దమనుషులు కూర్చున్న రోజున, పెద్దవాడికే తూర్పు రావాలన్నాడు. అప్పటి నుంచి నాది పడమటి వాకిలి. మధ్యలో గోడ మాత్రం ఇద్దరిదీ.

పోయిన వారం వాళ్ల తలుపుకు ముదురు నీలం వేయించారు. దాని కింద పసుపు రాసిన గడప మెరిసిపోతోంది. వనపర్తిలో నా అంత చదివినవాడు లేడనుకునే నాకు ఆ రంగు తోచనే లేదు. బాగాలేదని వీధంతా చెప్పి, ఈ రోజు పొద్దున అదే నీలం డబ్బా తెచ్చుకున్నాను. ఒక్కసారైనా మా ఇల్లు వాళ్లింటికి దీటుగా కనబడాలనిపించింది.

మూత తీస్తుంటే అన్న వచ్చి నిలబడ్డాడు.

"గిదేంది తమ్మీ, గదే రంగా? మొన్న దయ్యాల కొంప లెక్కుందంటివట."

"అంటి. ఇప్పుడు నచ్చింది. ఏసుకోవద్దా?"

"ఏసుకో, ఎవరొద్దన్నరు? కని నీది పడమటి మొఖం. పొద్దు గూకేదాక ఎండ తలుపు మీదనే ఉంటది. ముదురు రంగైతే పొక్కులు లేస్తది. జర లేత రంగు చూసుకో."

ఎగతాళి చేసినా ఓర్చుకునేవాణ్ని. ఆయన నిజంగా నా తలుపు బాగు కోరే చెప్పాడు, అందుకే ఇంకా మండింది. డబ్బా మూత మళ్లీ బిగించాను.

పడమటి ఎండకు తట్టుకునే ముదురు రంగు మీకు తెలిస్తే చెప్పండి. ఎండను మాత్రం ఏమీ అనకండి. తప్పు ఎండది కాదు, మా అన్న బాలకిష్టయ్యది.