నలభై దగ్గర షడ్జమం

ఈ ఉదయం సన్నగా తుంపర పడుతుండగా హెల్మెట్ తలకెక్కించుకున్నాను. లోపలి స్పాంజిలో నిన్నటి కొబ్బరినూనె వాసన, నా ఊపిరి వెచ్చదనం. అద్దం కిందికి దించగానే రాజమండ్రి మొత్తం నీళ్ళ అడుగున ఉన్న ఊరిలా అయిపోయింది. ఆటోల హారన్లు అవతలి రేవు నుంచి వస్తున్నట్టు వినిపించాయి. గోదావరి గట్టెక్కి బండి నలభై అందుకోగానే, నుదుటి దగ్గరున్న గాలి రంధ్రం సన్నగా పాడటం మొదలుపెట్టింది. ఆ స్వరం వినిపిస్తే చాలు, వీర్రాజు గారు వెనక సీటు మీద కూర్చుని నా భుజం మీద తాళం వేస్తున్నట్టే ఉంటుంది నాకు.

ఆయన గురించి చెప్పేముందు నా గురించి ఒక ముక్క చెప్పుకోవాలి. లేకపోతే ఆయన ఎలాంటి మొండివాణ్ణి దారికి తెచ్చారో మీకు తెలియదు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో ఎలక్ట్రిక్ బండి మీద డెబ్భై వేగంతో వెళుతూ, తడిసిన బంతిపూల మీద జారి, గాల్లో రెండు పల్టీలు కొట్టి, లేచి దులుపుకుని, అదే బండి మీద ఇంటికొచ్చి వేడివేడి పెసరట్టు తిన్న మనిషి ఉభయగోదావరి జిల్లాల్లో నేనొక్కణ్ణే.

ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఊరివాళ్ళ గొంతులు చెవిలో పెట్టుకుని బతికినవాణ్ణి. రిటైరయ్యాక నాకు కావలసింది నిశ్శబ్దం. అందుకే పాత పెట్రోలు బండి ఇచ్చేసి, కొత్తగా వచ్చిన ఎలక్ట్రిక్ బండి, అందులోనూ అన్నిటికంటే వేగంగా పోయేది తీసుకున్నాను. కాళ్ళు నేలకి ఆనకుండా ఊరంతా తిరిగే కల అందరికీ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది కదా, అచ్చం అలాగే ఉండేది దాని మీద వెళుతుంటే. వీధులే నావైపు జారి వచ్చేవి. చిక్కేమిటంటే, పాత బండికి ముప్ఫైకి ఒక గొంతు, యాభైకి ఒక గొంతు ఉండేవి. దీనికి గొంతే లేదు. ఎంత వేగంలో ఉన్నానో నాకు తెలిసేది కాదు, నేను వస్తున్నట్టు ఎదుటివాళ్ళకీ తెలిసేది కాదు. వారం చూసి మా ఆవిడ కామేశ్వరి తాళంచెవి తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో దాచేసింది. "హెల్మెట్ కొంటేనే ఇస్తాను. నేనూ వస్తాను కొట్టుకి," అంది.

దేవీచౌక్ దగ్గర ఒక సందులో వీర్రాజు గారి కొట్టు. పది అడుగుల గది, గోడలనిండా హెల్మెట్లు. వాటి మధ్య, గాజు తలుపున్న చిన్న అలమరలో, ఒక సన్నాయి. ఆయన నాకంటే పదేళ్ళు చిన్న. కింది దవడ కొంచెం కుడికి ఒరిగి ఉండేది. మాట ఎడమవైపు నుంచి వచ్చేది.

"నెత్తి మీద పెట్టుకునే సగం హెల్మెట్ ఒకటివ్వండి. ఒక సైజు పెద్దది ఇవ్వండి, మా ఆవిడ బజారుకి వెళ్ళినప్పుడు ఆవిడ కొప్పుకి కూడా పడుతుంది," అన్నాను. మా వైపు చాలా ఇళ్ళలో ఇదే లెక్క. ఇంటికంతటికీ ఒక గొడుగు, ఒక టార్చిలైటు, ఒక హెల్మెట్.

ఆయన నన్ను వదిలేసి కామేశ్వరి వైపు తిరిగారు. "పిన్నిగారూ, బాబాయిగారి కళ్ళజోడు మీరూ పెట్టుకుంటారా అండీ?"

"ఆయన తువ్వాలు కూడా ముట్టుకోనండి," అంది మా ఆవిడ.

"మరింకేం!" అంటూ ఆయన దర్జీ టేపు తీసి కనుబొమల పైనుంచి నా తల చుట్టూ తిప్పారు. "యాభై ఎనిమిది సెంటీమీటర్లు. నాదీ అంతే. కొలతకి మనిద్దరిదీ ఒకటే తల. లోపలి సరుకు సంగతి పిన్నిగారు చెప్పాలి." తర్వాత ముఖమంతా మూసే హెల్మెట్ ఒకటి నా తలకి దిగేసి, ఎదురుగా ఒక టీ పెట్టించారు. ఆ టీ చల్లారేదాకా హెల్మెట్ తీయనివ్వరు. ఎవరికైనా అదే పద్ధతి. ఆయన దగ్గర హెల్మెట్ కొన్నవాళ్ళందరూ చల్లటి టీ తాగినవాళ్ళే. బుగ్గలు నొక్కుకుపోయి, నోట్లో బూరె పెట్టుకున్నట్టు మాట్లాడుతూ కూర్చున్నాను. పైకప్పు ఫాను, కామేశ్వరి నవ్వు, సందులో జనం, అన్నీ ఎక్కడికో దూరంగా వెళ్ళిపోయాయి. ఆ దూరం నాకు నచ్చిందని మాత్రం ఒప్పుకోలేదు. టీ చల్లారాక తీసి నా నుదురు పరీక్షగా చూశారు. "ఎర్రగీత పడలేదు. బుగ్గలు నొక్కింది, నుదురు నొక్కలేదు. ఇది మీదేనండి." మళ్ళీ పెట్టి, పట్టీ బిగించి, వెనకనుంచి పైకి లాగి చూశారు. ఊడి రాలేదు.

"నల్ల అద్దం వేయించండి, దర్జాగా ఉంటుంది," అన్నాను.

"మీ బండి వినపడదు. కనీసం మీ కళ్ళయినా కనపడాలి కదండీ ఎదుటివాడికి," అని తెల్ల అద్దమే ఉంచారు. దాని మీది పల్చటి ప్లాస్టిక్ పొర తీయొద్దని, కొత్తగా ఉంటుందని బతిమాలాను. నేను చూస్తుండగానే సర్రున లాగేశారు.

"అసలు గడ్డం దాకా ఎందుకండీ? కాపాడుకోవలసింది తల కదా?" అన్నాను చివరి ప్రయత్నంగా.

ఆయన అలమరలోని సన్నాయి వైపు చూశారు. "పెళ్ళికి వాయించడానికి నిడదవోలు వెళుతున్నానండి. మీరడిగిన సగం హెల్మెట్టే పెట్టుకున్నాను. పడ్డాను. తలకి గీత కూడా పడలేదు. దవడ మూడు ముక్కలైంది. అతికించారు, అన్నం నములుతున్నాను. పెదాలు మాత్రం సన్నాయిని పట్టవు. ఊదితే గాలి పక్కనుంచి పోతుంది." ఇంతేనండి ఆయన చెప్పింది. పసుపురంగుది, గడ్డం దాకా ఉన్నది, తీసుకుని వచ్చేశాను.

ఇక ఆ పల్టీల సంగతి. నిజం చెప్పేస్తాను, ఎలాగూ ఈ ఊళ్ళో చూసినవాళ్ళు ఉన్నారు. నా వేగం డెబ్భై కాదు. ముప్ఫై ఉంటుందేమో, ఇంకా తక్కువే అయినా ఆశ్చర్యం లేదు. కోటిలింగాల రేవు వైపు ఎవరి అంతిమయాత్రో వెళ్ళింది, దారిపొడుగునా బంతిపూల రేకులు చల్లారు, వాటి మీద వాన పడింది. రోడ్డంతా పసుపూ నారింజా కలిసిన చాపలా మెరుస్తోంది. ఆ అందంలో పడి వెళుతున్నాను. పూలబుట్టతో ఒక ముసలమ్మ అడ్డంగా వచ్చింది. నా బండి ఆవిడకి వినపడలేదు. బ్రేకు నొక్కాను. పల్టీలు ఏమీ లేవు. బస్తా పడ్డట్టు బోర్లా పడ్డాను. గడ్డం దగ్గర హెల్మెట్ డివైడర్ అంచుకి తగిలి కర్రున గీరుకుంది. ఆ శబ్దం నా పళ్ళలో వినిపించింది. తర్వాత అంతా నిశ్శబ్దం. అద్దానికి ఒక బంతిరేకు అంటుకుని, దానిలోంచి వెలుగు వస్తోంది. ఇంటి దగ్గర పట్టీ టక్కుమనిపించుకుని బయల్దేరాను కాబట్టి సరిపోయింది. అది వీర్రాజు గారు నాకు నేర్పిన అలవాటు. పెసరట్టూ అబద్ధమే. మంచినీళ్ళు కూడా తాగలేకపోయాను. బండిని ఎవరో తోసుకొచ్చి ఇంటి దగ్గర దింపారు.

మర్నాడు కుంటుకుంటూ కొట్టుకి వెళ్ళాను. తిడతారనుకున్నాను. ఆయన హెల్మెట్ వైపు చూడనే లేదు. "నోరు తెరవండి. 'ఆ' అనండి," అన్నారు. అన్నాను. "ఇంకొంచెం సాగదీయండి." సాగదీశాను. కళ్ళు మూసుకుని విన్నారు. "శ్రుతిలోనే ఉంది," అన్నారు. తర్వాత రంపం తీసుకుని ఆ హెల్మెట్ని నిలువునా రెండుగా కోసేశారు. ఒకసారి దెబ్బ తిన్నది ఇంకెవరి తలకీ ఎక్కకూడదని ఆయన పట్టుదల. గడ్డం దగ్గర లోపలి తెల్లటి ఫోమ్ బొటనవేలంత మేర నలిగిపోయి ఉంది. ఆ గుంటలో వేలు పెట్టి, "ఇది మీ దవడ కావలసిందండి," అన్నారు. ఇంకో చేయి తన దవడ మీద ఉంది. అది ఆయనకి తెలియదనుకుంటాను.

కొత్తది ఇచ్చాక, "రేపు తెల్లారగానే గట్టు దగ్గరికి రండి. మీ బండికి గొంతు లేదు, ఒక శ్రుతి కావాలి," అన్నారు. వెళ్ళాను. నది మీద మంచు లేస్తోంది, వంతెన సగం కనపడుతోంది, సగం లేదు. దాని పాట ముందు తను వినాలని నా కొత్త హెల్మెట్ ఆయన పెట్టుకుని, ఆయనది నాకు పెట్టి, వెనక కూర్చున్నారు. కళ్ళజోడు మాట నేను గుర్తు చేస్తే, "కొలత ఒకటేనన్నానుగా, ఊరుకోండి," అన్నారు. ముప్ఫై, ముప్ఫై అయిదు. నలభై దగ్గర నా భుజం తట్టి, గాలి రంధ్రం చేస్తున్న శబ్దంతో కలిపి తనూ ఎత్తుకున్నారు. "ఇదిగో, ఇదీ మీ షడ్జమం. దీని మీదే ఉండండి. రిషభంలోకి వెళ్ళారంటే యాక్సిలరేటరు మీద చెయ్యి వదులు చేయండి. గాంధారం వినపడిందో, పిన్నిగారికి చెప్పేస్తాను." ఆ గట్టు పొడవునా ఒక్క స్వరమే. దవడ వంకరగా ఉన్న మనిషి, నోట సన్నాయి పట్టలేని మనిషి, నా వెనక కూర్చుని గోదావరికంతటికీ శ్రుతి వేశారు. ఆ తెల్లారుజాము ఎంతసేపు సాగిందో నేనిప్పటికీ చెప్పలేను.

కిందటి కార్తీకంలో ఆయన జ్వరమని ఆసుపత్రిలో చేరి, తిరిగి రాలేదు. ఆ రోజు రేవు దారిలో చల్లిన పూల మీద నేను బండెక్కలేదు. దిగి, తోసుకుంటూ వెనకే నడిచాను. ఇప్పుడు నాకు మీటరు చూసే పనిలేదు. స్వరం కాస్త పైకి పోగానే నా చెయ్యి దానంతటదే వదులవుతుంది. ముప్ఫై ఏళ్ళు ఊరందరి గొంతులూ విన్న ఈ చెవికి, ఎప్పుడు తగ్గాలో చెప్పే గొంతుని చివరికి ఆయనిచ్చి వెళ్ళారు. దాన్నీ, బయల్దేరేముందు పట్టీ టక్కుమనిపించే అలవాటునీ మోసుకు తిరుగుతున్నాను.

ఇక్కడిదాకా రాసి కామేశ్వరికి చదివి వినిపించాను. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, తలెత్తకుండా వింది.

"అంతా బాగానే ఉంది. ఆ పట్టీ మాట ఒక్కటీ కొట్టేయండి. పడ్డరోజున మీరు దాన్ని వేలాడేసుకునే బయల్దేరారు. గేటు దగ్గర ఆపి పెట్టింది నేను. ఈ ఉదయం పెట్టిందీ నేనే. వీర్రాజు గారు ఆ పని మీకు చెప్పలేదు, నాకు చెప్పారు. మీరు వినే మనిషి కాదని ఆయనకి మొదటిరోజే తెలుసు."