తలుపు పెట్టాక పిలుస్తానన్న మాస్టారు

పోయిన వారం పొద్దున్నే మా వడ్రంగి సాతంరాయి నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, సార్ పోయిండు. రాత్రి దవాఖానకు తీస్కపోయినం, దక్కలే" అన్నాడు. వెనకాల బెంగళూరు రోడ్డు మీద లారీల మోత వినిపిస్తోంది. "రాత్రి అన్నం తిన్నారా?" అని అడిగాను.

ఆయన్ని అందరం మాస్టారనే పిలిచేవాళ్ళం. కోస్తా నుంచి వచ్చిన చిత్రకారుడు. తొంభైల మొదట్లో, నగరానికి కొత్త కంపెనీలు వరసకట్టిన రోజుల్లో, కాటేదాన్‌లో ఫ్యాక్టరీల మధ్య ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నారు. అక్కడ మేం ఎగ్జిబిషన్లలో నిలబెట్టడానికి కంపెనీల కోసం గదులు కట్టేవాళ్ళం. బొమ్మ గీసి గోడకు తగిలించడం కాదు. మనిషి లోపలికి నడిచి, ముట్టుకుని, వాసన పీల్చి బయటికి రావాలి. ఎగ్జిబిషన్ అయిపోగానే అన్నీ ఊడదీసేవాళ్ళం. చెక్కపని ఆ వడ్రంగిది, రంగుల పని నాది. మీలో కొందరు ఆ గదుల్లో తిరిగే ఉంటారు, ఆయన పేరు మాత్రం ఎక్కడా చూసి ఉండరు.

ఏ గది కట్టాలన్నా ముందు షెడ్డు నేల మీద సున్నంతో అసలు కొలతల్లో గీసేవారు. ఇక ఆ గీతలే గోడలు. గుమ్మానికి వదిలిన సందులోంచే లోపలికి వెళ్ళాలి. గీత దాటితే, "గోడలోంచి వచ్చేశావేంటమ్మాయ్, దెయ్యానివా?" అనేవారు. మధ్యాహ్నం ఆ గీతల మధ్యే కూర్చుని ఒక్కరే క్యారేజీ విప్పుకునేవారు. పెళ్ళి చేసుకోలేదు. సాతంరాయిలో అద్దె గది, అంతే. పాపం అనిపించి తోడు కూర్చుందామని వెళ్తే, "ఇంకా తలుపు పెట్టలేదమ్మాయ్. పెట్టాక పిలుస్తాను" అని నవ్వేవారు. అలా నవ్వినప్పుడల్లా నాకు ఆయన మీద కోపం వచ్చేది.

ఒకసారి ఒక టీపొడి కంపెనీకి వాన కురిసే వసారా కట్టాం. నేల పేడతో అలికించారు. రేకుల మీద నీళ్ళు పడేలా గొట్టాలు పెట్టించారు. తీరా జనం వచ్చి, గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్ళడం మొదలుపెట్టారు. ఖరీదైన స్టాలు ముందు చెప్పుల గుట్ట చూసి కంపెనీ మేనేజరు మండిపడ్డాడు. మాస్టారు మాత్రం ఆ గుట్ట ముందు చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. "విప్పమని మనం చెప్పలేదు. ఇల్లనుకున్నారు" అన్నారు మెల్లగా.

ఆ తర్వాత ఆయనకు ఒకటే కోరిక పట్టుకుంది. ఏ కంపెనీ పేరూ లేని గది ఒకటి కట్టాలి, దాన్ని ఎప్పటికీ ఊడదీయకూడదు. కానీ ప్రతిసారీ ఏదో ఒక ఆర్డరు అడ్డొచ్చేది.

దహనానికి షెడ్డువాళ్ళం తప్ప ఎవరూ రాలేదు. మర్నాడు కాటేదాన్ వెళ్ళాను. వడ్రంగి సామానంతా ఒక పక్కకు సర్దేశాడు. నేల మీద తెల్లటి సున్నం గీతలున్నాయి. చిన్న గది.

"ఇది ఏ కంపెనీది?" అని అడిగాను.

"ఏ కంపెనీది గాదక్కా. సార్ తనకోసమే గీసుకుండు. దవాఖానకు పోయిన దినమే, 'రేపు తలుపు బిగించు' అన్నడు." గీతల మధ్య గుమ్మానికి వదిలిన సందు చూపించాడు. "చెప్పులతోనే రా అక్కా. ఇగ ఏముంది గిక్కడ."

నేను గుమ్మం సందు బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను. ఇద్దరు కూర్చునేంత చోటు ఉంది. ఒక పక్కకు జరిగి కూర్చున్నాను.