కదలని ముల్లు

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చేతిలోకి తీసుకుంటే అది ఒక్క కాగితమే. అయినా దాని కింద నలిగి నలిగి, గుండెల నిండా ఊపిరి పీల్చుకున్న రోజు నాకు గుర్తులేదు. ఇంట్లో చెప్పలేదు. నా బాగోగులు అడిగే స్నేహితులు ఇద్దరున్నారు, వాళ్లకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. పేరు మాత్రం అడగకండి. నేను పిరికివాణ్ణని మీకు ముందే తెలియడం మంచిది.

ఉప్పల్‌లో ఒక శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పేవాణ్ణి. చుట్టుపక్కల డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లల్ని మూడు నెలల్లో బయోటెక్ కంపెనీల ల్యాబు పనికి తయారు చేయడం మా పని. పక్కనే నాచారంలో కంపెనీలు ఉండనే ఉన్నాయి. కోటు ఎలా తొడుక్కోవాలి, చేతులు ఎలా కడుక్కోవాలి, చేసిన ప్రతి పనినీ ఎలా రాసిపెట్టాలి, అన్నీ నేనే నేర్పేవాణ్ణి.

మా దగ్గర ఒక ఆటోక్లేవ్ ఉండేది. ల్యాబు సామాన్లను ఆవిరితో ఉడికించి క్రిముల్ని చంపే ఇనుప డ్రమ్ము. ఇంట్లో కుక్కరుకు పెద్దన్న అనుకోండి. పైన బరువైన మూత, మూత చుట్టూ ఆరు రెక్కల నట్లు, లోపలి ప్రెషర్ చూపించడానికి ఒక ముల్లు. ఆ ముల్లు సున్నాకు దిగేదాకా మూత జోలికి పోకూడదు. పాఠమంతా ఈ ఒక్క మాటే.

ఆ మాటే నేను చెప్పలేదు. మా యంత్రంలో హీటర్ కాయిల్ కాలిపోయింది. మేనేజరుకు ఒకసారి చెప్పాను, చూద్దామన్నాడు. రెండోసారి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? అతన్ని తిట్టుకుంటే సగం బరువు దిగుతుందేమోనని ఎన్నోసార్లు మనసులో తిట్టి చూశాను, కానీ రెండోసారి అడగకుండా నన్ను ఆపింది అతను కాదు, నా బద్ధకం. చల్లటి యంత్రం మీదే నేర్పాను. నట్లు బిగించండి, విప్పండి, మూత లేపండి. ముల్లు ఎప్పుడూ సున్నా మీదే. నట్లు తుప్పు పట్టి బిగుసుకుపోయేవి. అప్పుడు ఒక ఇనుప రాడ్ చేతికిచ్చి, రెక్క మీద గట్టిగా కొట్టమనేవాణ్ణి. ఎవరు తొందరగా విప్పుతారో అని పందెం కూడా పెట్టేవాణ్ణి. పిల్లలకు హుషారు. నాకూ హుషారే.

పందెంలో ఎప్పుడూ స్వరూపే గెలిచేది. వాళ్లది నాగారం. కంపెనీ ఐడీ కార్డు మెడలో వేసుకోబోయే మొదటి మనిషి వాళ్లింట్లో తనే. ఒకరోజు రాడ్ చేతిలో పట్టుకుని ఆగింది.

"సార్, గీ ముల్లు ఎప్పుడు కదుల్తది?"

"నువ్వు కంపెనీల చేరినంక కదుల్తదిలే. ముందుగాల నట్లు ఇప్పు."

అందరూ నవ్వారు. తనూ నవ్వింది. ఠంగుమని ఒక్క దెబ్బ వేసింది. నేను చప్పట్లు కొట్టాను.

బ్యాచ్ ఆఖరి రోజును మేము సంతకాల రోజు అనుకునేవాళ్లం. నేర్పినవీ నేర్పనివీ కలిపి ఒక్కొక్కరికి నలభై కాగితాలు. సమోసాలు తెప్పించి, వరసగా కూర్చోబెట్టి, చదవక్కర్లేదు కానివ్వండని సంతకాలు పెట్టించేవాళ్లం. 'ప్రెషర్ సున్నాకు దిగిందని చూసుకున్నాకే మూత తీయాలని నేర్చుకున్నాను' అన్న కాగితం కింద స్వరూప సంతకం ఉంది. నేర్పినట్టు పక్కన నా సంతకం. మూలన సమోసా నూనె మరక. అది ఎవరి వేలిదో తెలియదు.

నాచారంలో ఒక చిన్న కంపెనీలో చేరింది. అక్కడా పాత యంత్రమే, అవే ఆరు నట్లు. పదకొండో రోజు మధ్యాహ్నం మూత తీయబోతే నట్లు రాలేదు. ఎలా వస్తాయి? లోపలి ఆవిరి మూతను పైకి తంతోంది. స్వరూప తుప్పు అనుకుంది. రాడ్ వెతికి తెచ్చుకుంది. ఒకటి విప్పింది. రెండు. మూడు. నాలుగోది కొట్టగానే, మిగిలిన రెండూ ఆవిరికి ఆగలేక తెగి, మూత లేచింది.

లేచిన మూత ఆమె దవడ పగలగొట్టి పైకప్పుకు తగిలింది. దాని వెనకే ఆవిరి. లోపల సలసలా కాగుతున్న సీసాలు ఒక్కసారిగా పేలి గాజంతా ముఖంలో దిగింది. ఎడమ కన్ను అక్కడికక్కడే పోయింది. చేతి తొడుగు తీయబోతే కుడిచేతి చర్మం దాంతో పాటే ఊడి వచ్చిందని దవాఖానాలో నర్సు చెప్పింది. నేను బయటికొచ్చి గోడకు ఆనుకుని వాంతి చేసుకున్నాను. అది జాలి అనుకున్నాను. భయం అది.

మర్నాడు కంపెనీ గేటు ముందు ఆమె అన్న అంజి, వాళ్ల గల్లీ వాళ్లు షిఫ్ట్ ఇన్‌ఛార్జిని పట్టుకున్నారు. ఆయన పేరు రమణ, గుంటూరు వైపు మనిషి, యాభై దాటినవాడు. బండి మీద నుంచి కిందికి లాగారు. "మా చెల్లెను కాల్చి సంపుతవారా?" అంటూ అంజి హెల్మెట్ తిరగేసి ముఖం మీద బాదాడు. "బాబూ, నేను పక్క గదిలో ఉన్నానండీ, నేను చూడనే లేదండీ" అంటున్న ఆ నోట్లోంచే పళ్లు రాలాయి. కింద పడ్డాక కాళ్లతో తొక్కారు. పక్కటెముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

అంత దగ్గర ఉన్నాను నేను. హెల్మెట్ అద్దం దించుకుని, బండి ఇంజను ఆపకుండా. కొట్టాల్సింది ఆయన్ని కాదు, నన్ను. ఆ ఒక్క మాట అంటే చాలు. నోరు పెగల్లేదా? అదీ అబద్ధమే. నోటిదాకా వచ్చింది, నేనే మింగేశాను. పైగా ఆ దెబ్బలు నాకు పడటం లేదని లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. ఇందాకటి నుంచి చెప్పినవన్నీ ఒక ఎత్తు, ఈ హాయి ఒక ఎత్తు.

అక్కడి నుంచి తిన్నగా ఎక్కడికి వెళ్లానో తెలుసా? హీటర్ కాయిల్ కొనడానికి. నెలల తరబడి దొరకని కాయిల్ గంటలో దొరికింది. మర్నాడు పొద్దున్నే కేంద్రానికి వెళ్లి నా చేతులతోనే బిగించాను. ఉప్పుకాగితంతో నట్ల తుప్పు గీకాను, నూనె రాశాను. రాడ్‌ను తీసుకెళ్లి మూసీలో పారేశాను. స్విచ్ వేశాక, ఆ ముల్లు కదిలింది.

విచారణకు వచ్చిన అధికారి ముందు అది బుద్ధిగా పైకి లేచి, బుద్ధిగా సున్నాకు దిగింది. కాగితం చూపించాను. బాగానే నేర్పాం సార్, పిల్ల తొందరపడింది అన్నాను. కార్మికురాలి నిర్లక్ష్యం అని ఆయన రాసుకున్నాడు. కంపెనీ చేతులు దులుపుకుంది. అంజి జైలుకు వెళ్లాడు. రమణకు ఒక చెవి వినపడదని తర్వాత తెలిసింది. నేను ఆ ఉద్యోగం మానేసి, దాన్నే శిక్ష అనుకున్నాను.

అలాగే బతికేసేవాణ్ణేమో. మొన్న ఉప్పల్‌లో బస్సు కోసం నిలబడ్డాను. పక్క నుంచి ఎవరో పిలిచారు. చున్నీ సగం ముఖం మీదికి లాక్కుని ఉంది.

"సార్, నేను స్వరూపను. గుర్తువట్టలేదా?"

గుర్తుపట్టాను. మంచిగున్నవా అమ్మా అని అడిగాను. సిగ్గులేని నోరు, ఏదైనా అడుగుతుంది.

"ఉన్న సార్. మస్తు దినాల సంది మిమ్మల్ని ఒకటి అడగాల్ననుకుంటున్న. ముల్లు జూసినంకనే మూత తియ్యాలని మీరు చెప్పిన్రంట గద. కాయిదం మీద నా సంతకం గూడ ఉన్నది. ఎంత సోంచాయించినా నాకు యాదికొస్తలేదు సార్. దెబ్బకు నా మతి గిట్ల పోయిందా ఏంది?"

ఆరేళ్లుగా నాకు కావలసిన అవకాశం రెండడుగుల దూరంలో నిలబడి, ఒంటి కన్నుతో నా ముఖంలోకి చూస్తోంది. నేనేమన్నానో వినండి.

"మర్చిపోయినవు గావచ్చు."

"అంతే ఉంటది సార్. మా అన్నకు గూడ గదే చెప్త, తప్పు నాదేనని."

బస్సు వచ్చింది. ఎడమ చేత్తో కడ్డీ పట్టుకుని ఎక్కింది. వెళ్లొస్తానని తలూపింది కూడా.

కన్ను పోగొట్టాను, చెయ్యి పోగొట్టాను. ఇప్పుడు తన మతి మీద తనకున్న నమ్మకాన్నీ పోగొట్టాను. అది ఏ ఆవిరీ చేసింది కాదు, తెలిసి తెలిసి నేను చేసింది. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ హక్కు మీకు లేదు, అడిగే ముఖం నాకు లేదు. ఇదంతా రాస్తుంటే ఇన్నేళ్లకు ఊపిరి ఆడుతోంది, ఆమెకు ఇంకా ఆడటం లేదు కదా అని ఆ ఊపిరికీ సిగ్గేస్తోంది. బస్టాపులో నోరు తెరిచి చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. దీన్ని నాగారం దాకా తీసుకెళ్లే ధైర్యం వస్తుందో రాదో తెలియదు.

స్వరూపా, నీ మతి ఎక్కడికీ పోలేదు. జరగనిది ఎట్లా యాదికొస్తుంది? ముల్లు చూడమని నేను చెప్పలేదు. రాడ్‌తో కొట్టమని చెప్పాను. నువ్వు అచ్చం నేను నేర్పినట్టే కొట్టావు.