కోసిన వరి మీద రాజుగారి వాన

మా మేనమామ దేవయ్యకు దేవుడు గొంతు ఇచ్చాడు గానీ, దాన్ని ఎక్కడ ఆపాలో చెప్పలేదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో సీజను నడిచినన్నాళ్లు బండ్ల మీది చెరుకు దించే కూలి ఆయన. గేటు ముందు బండ్లు బారులు తీరి ఉండేవి. పక్కకు పోతే వరస పోతుంది కాబట్టి బండివాళ్లు పారిపోలేరు. మామ తన ప్రసంగాలన్నీ వాళ్ల మీదే సాధన చేసేవాడు. మహారాష్ట్రలోని దెగ్లూరు నుంచి బండి తోలుకొచ్చే తుకారాంకు తెలుగు అంతంత మాత్రమే, అయినా ప్రతి మాటకూ తల ఊపేవాడు. మామకు బాగా నచ్చిన శ్రోత అతనే.

ఆయన కోరిక ఒక్కటే, మా మెథడిస్టు సంఘంలో ప్రసంగి లైసెన్సు. 1963 డిసెంబరులో, క్రిస్మస్ ముందు వచ్చే ఆగమన కాలంలో, నిజామాబాదు నుంచి సూపరింటెండెంటు అయ్యగారు వచ్చి పరీక్షిస్తారని కబురొచ్చింది. డెబ్బై రెండో కీర్తన చదివి దాని మీద ప్రసంగించాలి. నీతిగల రాజు కోసం చేసిన ప్రార్థన అది. మావాళ్లు దాన్ని రాబోయే యేసు రాజుకు చెప్పుకుంటారు. ఆ వారమంతా ఇంట్లో రాజుగారి గోలే. అన్నం పెడితే రాజు, నీళ్లు తోడితే రాజు. మా అత్త శారమ్మకు చెవులు నొప్పి పుట్టాయి.

ఆ ఆదివారం పొద్దున్నే మబ్బు పట్టింది. చాలామంది వరి కోసి మళ్లలోనే ఆరబెట్టి ఉన్నారు. మామ కౌలుకు చేసే మడి కూడా అంతే. చర్చిలో అందరి కళ్లూ కిటికీ మీదే ఉన్నాయి. మామకు మాత్రం అయ్యగారు తప్ప ఎవరూ కనపడలేదు. ఆ రాజు కోసిన గడ్డి మీద వానలా దిగివస్తాడని చదివే చోట ఉత్సాహం పట్టలేక రెండు చేతులూ పైకెత్తాడు. సరిగ్గా అప్పుడే ఉరిమింది.

మామ ఆగలేదు. సాయం చేసేవాళ్లు లేని దిక్కులేనివాళ్లను ఆ రాజు ఆదుకుంటాడనే చోటికి వచ్చేసరికి మా అత్త లేచి, కొంగు బిగించి, బయటికి నడిచింది. ఆమె వెనక ఆడవాళ్లు, వాళ్ల వెనక మగవాళ్లు. చివరికి అయ్యగారూ మామా మిగిలారు.

మామ ప్రాణం కొట్టుకుపోయింది. చెప్పకపోతే లైసెన్సు పోతుంది, చెబుతూ నిలబడితే వరి పోతుంది. ఒక్క నిమిషం అయ్యగారూ అంటూ బైబిలు ఆయన ఒళ్లో పెట్టి మడి వైపు పరుగెత్తాడు.

అక్కడ నరమానవుడు లేడు. కోసిన వరి కోసినట్టే ఉంది. సంఘమంతా కాలువ అవతల గంగవ్వ మళ్లో ఉంది. గంగవ్వ మా సంఘం మనిషి కాదు. మొగుడు పోయి, పిల్లలు లేక, ఒంటరిగా సేద్యం చేసుకునే ముసలామె. మా అత్త ఆమె వరిని కట్టలు కట్టి మోయిస్తోంది. మామ కోపంతో ఊగిపోతూ కాలువ దాటాడు.

"మనది ఇడ్సిపెట్టి ఈడేం జేస్తున్నవే?"

"దిక్కులేనోళ్లను ఆదుకుంటడని నువ్వే సదివితివి గద," అంది అత్త, తల ఎత్తకుండానే. "మనకు నువ్వున్నవు. గంగవ్వకెవలున్నరు?"

వెనకే అయ్యగారు వచ్చి, అంగీ ఎగ్గట్టుకుని ఒక కట్ట ఎత్తుకున్నారు. మామ కూడా వంగి ఇంకో కట్ట ఎత్తుకున్నాడు. గంగవ్వ వరి కుప్పెక్కి పైన గడ్డి కప్పేసరికి వాన దంచి కొట్టింది. మామ మడి మునిగింది. అయ్యగారు మొహం తుడుచుకుంటూ ఇప్పుడు చెప్పవయ్యా నీ ప్రసంగం అన్నారు. ఎద్దుల్ని కూడా విసిగించిన మా మామ, జారిపోతున్న గడ్డిని కుప్ప మీదికి సర్దుతూ ఉండిపోయాడు. మా అత్తను చూసి నాకు అంత గర్వం ఇంకెప్పుడూ కలగలేదు.

లైసెన్సు వచ్చింది. దాంతోపాటు మొలకెత్తిన వడ్లూ వచ్చాయి. ఆ ఏడాదంతా వాళ్లింట్లో అన్నం ముక్కవాసన కొట్టేది. ఆ కీర్తన మీద ప్రసంగం చెప్పమని ఎవరడిగినా మామ బైబిలు తెరిచేవాడు కాదు.

"మా ఇంటికొచ్చి బువ్వ తినుండ్రి," అనేవాడు. "శారమ్మ జెప్పిన ప్రసంగం గదే."